ఆ గోళీ అడిగేవారికి కౌంటరు ఇవతలి నుంచి

మందుల దుకాణంలో కొన్ని మందులను జనం పేరు పెట్టి గట్టిగా అడుగుతారు, మరికొన్నింటిని మాత్రం పక్కనున్నవాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి, చీటీ మీద రాసో ఫోనులో ఫోటో చూపించో అడుగుతారు. కరీంనగర్‌లో చాలా ఏళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నేను గమనించినంతలో, ఈ రెండో రకంలో అన్నిటికంటే ఎక్కువగా అడిగేవి అంగస్తంభన గోళీలే. "అన్నా, ఆ గోళీ ఉన్నదా?" అంటారు. ఏ గోళీ అని తిరిగి అడిగితే చూపు మరల్చుకుంటారు. కొత్తగా పెళ్లయిన యువకుల నుంచి మనవలను ఎత్తుకున్న పెద్దమనుషుల దాకా అన్ని వయసుల వారూ వీరిలో ఉంటారు గానీ, డాక్టరు రాసిచ్చిన చీటీతో వచ్చేవారు మాత్రం బహు తక్కువ. ఈ గోళీల్లో ఒకటైన సిల్డెనాఫిల్ షెడ్యూల్ హెచ్ కింద ఉన్న మందు, అంటే రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మందు. ఆ నియమం బజారులో ఎంత పలచబడిపోయిందో ఈ వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. చీటీ లేదని నేను తిప్పి పంపినవారికి అది నాలుగు దుకాణాల అవతల దొరుకుతుందనీ నాకు తెలుసు. అందువల్ల తిప్పి పంపేటప్పుడు నేను చెప్పే మాటలను, నిలబడి ఉన్న మనిషికి రెండు నిమిషాల్లో చెప్పడం కుదరని మాటలతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

గోళీ చెడ్డదని నేను వాదించబోవడం లేదు. సరైన మనిషికి సరైన మోతాదులో ఇస్తే అది చాలా మంచి మందు, దాని వల్ల నిలబడ్డ కాపురాలు నాకు తెలుసు. నా అభ్యంతరం వేరు. నలభై దాటిన మగవాడికి అంతవరకు లేని అంగస్తంభన లోపం కొత్తగా మొదలైందంటే, చాలాసార్లు దాని వెనుక రక్తనాళాల జబ్బు ఉంటుంది. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగాకు కలిసి లోపల ఏళ్ల తరబడి చేస్తున్న పని అక్కడ మొదటిసారి బయటపడుతుంది. దాన్ని పరీక్షించుకోకుండా గోళీ వేసుకుని పని జరిగిపోయిందనుకునే మనిషి, శరీరం ముందుగా ఇచ్చిన హెచ్చరికను తన చేతులతోనే కప్పిపెట్టుకుంటున్నాడు.

ఇది అర్థం కావాలంటే అంగస్తంభన ఎలా జరుగుతుందో కొంత తెలియాలి. పురుషాంగం పొడవునా స్పంజి వంటి కణజాలంతో నిండిన రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. మామూలు వేళల్లో ఆ కణజాలంలోని కండరాలు బిగుసుకుని ఉండటం వల్ల లోపలికి రక్తం కొద్దిగానే వస్తుంది. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా వచ్చే నరాల సంకేతాలు అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేయిస్తాయి. నరాల కొసలతో పాటు రక్తనాళాల లోపలి పొర కూడా ఈ వాయువును తయారుచేస్తుంది. దాని ప్రభావంతో కండరాలలో సీజీఎంపీ అనే రసాయనం పెరిగి, కండరాలు సడలి, ధమనులు విప్పారి, రక్తం ఆ గొట్టాలను నింపుతుంది. అవి ఉబ్బినప్పుడు వాటి చుట్టూ ఉన్న గట్టి పొరకు, వాటికి మధ్య సిరలు నలిగిపోయి, లోపలికి వచ్చిన రక్తం వెంటనే బయటకు పోలేకపోతుంది. పని పూర్తయ్యాక పీడీఈ5 అనే ఎంజైము సీజీఎంపీని విరగ్గొట్టడంతో అంతా మామూలు స్థితికి వస్తుంది. మనసు, నరాలు, హార్మోన్లు, ధమనులు, సిరలు, కండరాలు అన్నీ ఒక వరుసలో పనిచేస్తేనే ఇది జరుగుతుంది కనుక, వీటిలో ఏది దెబ్బతిన్నా ఫలితం ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయదు. ఒకే వీధిలో ఇద్దరి జబ్బుకూ కారణం ఒకటే కానవసరం లేదు. రక్తప్రసరణ వ్యవస్థలో నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను కనుగొన్న రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో వైద్య నోబెల్ వచ్చింది. అంగస్తంభన గోళీకి అమెరికాలో అనుమతి లభించింది కూడా అదే ఏడాది.

ఇక రక్తనాళాల సంగతి. గుండెకు రక్తం అందించే ధమనుల వెడల్పు సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే, పురుషాంగానికి వెళ్లే ధమనులు 1 నుంచి 2 మిల్లీమీటర్లే ఉంటాయి. డ్రిప్పు సేద్యంలో పెద్ద పైపు బాగానే పారుతుండగా చెట్టు మొదట్లోని సన్నటి పైపు ముందుగా మూసుకుపోయినట్టే, ఒంట్లోని ధమనులన్నింటి లోపలి పొర ఒకే తీరున పాడవుతున్నా సన్నటి వాటిలో ఆ నష్టం ముందుగా తెలుస్తుంది. గుండె జబ్బు లక్షణాలు కనిపించడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే కొందరిలో అంగస్తంభన లోపం మొదలవుతుందని గుండె వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. సమస్య ఉన్న ప్రతి ఒక్కరికీ గుండెపోటు వస్తుందని దీని అర్థం కాదు. గుండెను, షుగర్‌ను, బీపీని ఒకసారి చూపించుకోవడానికి అంతకంటే మంచి కారణం మరొకటి ఉండదని మాత్రమే అర్థం.

మన దగ్గర ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి రావడానికి షుగర్ కారణం. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి, అంటే వయోజనుల్లో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది. మధుమేహం ఉన్న మగవారికి అంగస్తంభన లోపం వచ్చే అవకాశం, లేనివారితో పోలిస్తే సుమారు మూడు రెట్లు. అది అటు సన్నని నరాలను, ఇటు రక్తనాళాల లోపలి పొరను రెండింటినీ దెబ్బతీయడం వల్ల, షుగర్ పాతదయ్యేకొద్దీ గోళీ పనిచేసే పాళ్లు కూడా తగ్గుతాయి. నా దగ్గర నెలనెలా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ తీసుకువెళ్లే వాళ్లలో ఎంతమంది ఈ బాధ పడుతున్నారో నేను లెక్కగట్టలేదు గానీ, ఆ బాధను తమ షుగర్ డాక్టరుతో చెప్పినవారు అరుదు. కాళ్ల మంటల గురించి, చూపు మసకబారడం గురించి చెబుతారు. ఇది మాత్రం చెప్పరు. డాక్టరు కూడా రద్దీలో అడగరు. మధుమేహులకు ఏటా కళ్లు, కాళ్లు, మూత్రపిండాలు చూడాలన్న నియమంలోనే ఈ ప్రశ్న కూడా చేరి ఉండాలని నా అభిప్రాయం.

వయసుతో ఇది పెరుగుతుందన్నది నిజమే. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987 నుంచి 1989 దాకా 40 నుంచి 70 ఏళ్ల మగవారిపై జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో 52 శాతం మందిలో ఎంతో కొంత లోపం కనిపించింది. అయినా "వయసైపోయింది, ఇంకేం కావాలి" అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా కొట్టిపారేయడం నాకు నచ్చదు. అరవై ఐదేళ్ల మనిషికి మోకాలి నొప్పి వస్తే మందు రాస్తాం. ఈ బాధ వస్తే నవ్వుతాం. ఒకటి రెండు సార్లు విఫలమైనంత మాత్రాన దాన్ని జబ్బు అనరు. అలసట, మద్యం, జ్వరం, ఇంట్లో గొడవ, వీటిలో ఏదైనా చాలు ఒక రాత్రికి. సంభోగానికి తగినంత గట్టిదనం రాకపోవడమో, వచ్చినది నిలవకపోవడమో సుమారు మూడు నెలలకు పైగా పదేపదే జరుగుతుంటే వైద్యులు దాన్ని అంగస్తంభన లోపంగా లెక్కిస్తారు.

పాతిక, ముప్పై ఏళ్లవారి కథ చాలావరకు వేరు. నిద్రలో కలలు వచ్చే దశల్లో ఆరోగ్యవంతుడికి రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు దానంతటదే అంగస్తంభన జరుగుతుంది. ఉదయం లేచినప్పుడు కనిపించేది అందులో చివరిది. తెల్లవారుజామున బాగానే ఉండి, ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే విఫలమవుతుంటే కారణం మనసులోని ఆందోళనే అయ్యే అవకాశం ఎక్కువ. అన్ని సమయాల్లోనూ క్రమక్రమంగా తగ్గుతూ వస్తుంటే శరీరంలో కారణం వెతకాలి. మా జిల్లాల్లో ఆందోళన వల్ల వచ్చే సమస్యకు ప్రత్యేకమైన ఒక రూపం ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి నెలా రెండు నెలల సెలవు మీద వస్తారు. అంతకాలం ఎదురుచూసిన కాపురం ఆ కొద్ది వారాల్లోనే జరగాలి, వీలైతే పిల్లలు కూడా అప్పుడే కలగాలి. మొదటి రాత్రి విఫలమైతే రెండో రాత్రి భయం, ఆ భయంతో మూడో రాత్రి వైఫల్యం. భయపడినప్పుడు ఒంట్లో ఎక్కువయ్యే అడ్రినలిన్ ఆ కండరాలను బిగించేస్తుంది, రక్తాన్ని రానీయదు. కనుక దీన్ని వట్టి ఊహ అని తీసిపారేయకూడదు. ఇటువంటివారికి భార్యాభర్తలిద్దరికీ కలిపి కౌన్సెలింగ్, కొన్నాళ్లు సంభోగం గురించిన ఒత్తిడి లేకుండా దగ్గరగా మెలగడం, అవసరమైతే డాక్టరు పర్యవేక్షణలో కొద్దికాలం గోళీ బాగా పనిచేస్తాయి. దూరాన ఉన్నవారు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ యువకుల్లో చాలామంది తమకు "నరాల బలహీనత" ఉందని చెబుతారు. విచారిస్తే హస్తప్రయోగం చేసుకున్నందువల్లో, రాత్రి వీర్యం పోయినందువల్లో బలమంతా పోయిందన్న భయం బయటపడుతుంది. భారతీయ మనోవైద్యులు నరేంద్రనాథ్ విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరుపెట్టి వర్ణించింది ఈ భయాన్నే. వీర్యం శరీరం నిరంతరం తయారుచేసుకునే ద్రవం, పోయినంత మాత్రాన బలం తగ్గదు, నరాలు చెడవు. ఈ ఒక్క మాట పదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే బస్టాండు గోడల మీద ప్రకటనలు రాయించుకునే సగం మంది వ్యాపారం మూతపడేది.

ఆ ప్రకటనల గురించి కూడా చెప్పాలి. ఫలానా తేదీన ఫలానా లాడ్జీలో అందుబాటులో ఉంటామని, ఒకే కోర్సుతో శాశ్వత పరిష్కారమని రాసేవి చట్టవిరుద్ధం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామనే మందుల ప్రకటనలను నిషేధించింది. డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె కూడా లైంగిక అశక్తతను నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదంటుంది. అయినా అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. "సైడ్ ఎఫెక్టులు లేని మూలికా మందు" పేరుతో అమ్మే పొడులలోనూ క్యాప్సూళ్లలోనూ సిల్డెనాఫిల్‌ను పైకి చెప్పకుండా కలపడం ప్రపంచమంతటా ఔషధ నియంత్రణ సంస్థలు పదేపదే పట్టుకున్న మోసం. వేసుకున్న గంటకే పనిచేసిన మూలిక ఏదైనా ఉందంటే నేను మొదట అనుమానించేది దాన్నే. అశ్వగంధ, దూలగొండి, పల్లేరు వంటివి మన వైద్యంలో ఎప్పటి నుంచో వాడుతున్నవే. వాటిని అర్హత గల ఆయుర్వేద వైద్యుడి దగ్గర తీసుకోవడం వేరు, పేరు ఊరు లేని డబ్బా కొనుక్కోవడం వేరు.

డాక్టరు దగ్గరికి వెళితే ఏం చేస్తారోనన్న భయం కూడా చాలామందిని ఆపుతుంది. నిజానికి అక్కడ జరిగేవి ఎక్కువగా ప్రశ్నలే. ఎప్పటి నుంచి, ఎంత తరచుగా, కోరిక ఉందా, ఉదయం అంగస్తంభన ఉందా, ఏ మందులు వాడుతున్నారు, పొగ, మద్యం, నిద్ర ఎలా ఉన్నాయి అని అడుగుతారు. ఐదు ప్రశ్నల చిన్న పత్రం ఒకటి ఉంది, దానిలో వచ్చే మొత్తం 25 మార్కులకు 21 లేదా అంతకంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్టు. ఆ తర్వాత బీపీ, నడుము చుట్టుకొలత, వృషణాలు చూడటం, అంగంలో వంకరో గట్టి గడ్డో ఉందేమో తడిమి చూడటం ఉంటాయి. రక్తపరీక్షల్లో షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, అవసరాన్ని బట్టి థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూస్తారు. మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ పరీక్ష మాత్రం పొద్దున్నే చేయించుకోవాలి, ఎందుకంటే ఆ హార్మోన్ ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. ఒకసారి తక్కువ వచ్చినా మరో ఉదయం మళ్లీ చూడకుండా తీర్పు చెప్పకూడదు. అది నిజంగా తక్కువ ఉన్నవారికి, ముఖ్యంగా కోరికే తగ్గిపోయినవారికి, హార్మోన్ ఇవ్వడం మేలు చేస్తుంది. మామూలుగా ఉన్నవారికి ఇంజెక్షన్ వేసుకుంటే ప్రయోజనం లేకపోగా, బయటి నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ శుక్రకణాల ఉత్పత్తిని అణిచివేస్తుంది. పిల్లలు కావాలనుకుంటున్న మగవాడు జిమ్‌లో ఎవరో చెప్పారని ఆ ఇంజెక్షన్ తీసుకోవడం కంటే పెద్ద పొరపాటు ఈ విషయంలో మరొకటి లేదు.

వాడుతున్న మందులే కారణమయ్యే సందర్భాలూ ఉన్నాయి. బీపీకి ఇచ్చే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే కొన్ని నీటి గోళీలు, అటెనలాల్ వంటి బీటా బ్లాకర్లు, దిగులుకు ఇచ్చే చాలా మందులు, జుట్టుకూ, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథికీ ఇచ్చే ఫినాస్టరైడ్ కొందరిలో ఈ ఇబ్బంది తెస్తాయి. అనుమానం వస్తే ఆ సంగతి రాసిన డాక్టరుకే చెప్పి మార్పించుకోవాలి. తమంతట తాము బీపీ గోళీ మానేసి పక్షవాతంతో మంచాన పడినవారిని చూసినవాడిగా ఈ మాట నొక్కి చెబుతున్నాను.

గోళీల విషయానికి వస్తాను. సిల్డెనాఫిల్‌ను ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఉన్న ఫైజర్ ప్రయోగశాలలో ఛాతీనొప్పికి మందుగా పరీక్షించారు. గుండెకు ఆశించినంత మేలు కనిపించలేదు గానీ, ప్రయోగంలో పాల్గొన్న మగవారు చెప్పిన మరో ప్రభావం పరిశోధనను మలుపు తిప్పింది. 1998 మార్చి 27న వయాగ్రా పేరుతో దానికి అమెరికా అనుమతి లభించింది. మన దేశంలో అప్పటికి మందులపై ఉత్పత్తి పేటెంట్లు లేకపోవడంతో, అసలు కంపెనీ ఇక్కడికి రాకముందే దేశీయ కంపెనీల సిల్డెనాఫిల్ మన దుకాణాలకు చేరింది, ధర కూడా సామాన్యుడికి అందేంతలో నిలిచింది. ఈ మందు పీడీఈ5 ఎంజైమును అడ్డుకుని సీజీఎంపీని నిలబెడుతుంది. అంటే కోరిక వల్ల మొదలైన ప్రక్రియకు బలమిస్తుందే తప్ప కోరికను పుట్టించదు. గోళీ మింగి టీవీ చూస్తూ కూర్చుని పనిచేయలేదని చెప్పేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదన్నమాట.

ఇలా పనిచేయలేదని వచ్చేవారిలో పెద్ద భాగం వాడే పద్ధతి తెలియనివారే. సిల్డెనాఫిల్‌ను కలయికకు గంట ముందు, ఖాళీ కడుపుతోనో తేలికైన తిండి తరువాతో వేసుకోవాలి. బిర్యానీ తిన్న వెంటనే వేసుకుంటే ఆ కొవ్వు మందును ఆలస్యం చేసి ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఎక్కువగా తాగిన మద్యం అంగస్తంభనను దెబ్బతీయడమే గాక బీపీని మరింత పడేస్తుంది. సాధారణంగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఫలితాన్ని బట్టి 25కు తగ్గించడమో 100కు పెంచడమో డాక్టరు చేస్తారు, రోజుకు ఒక్కసారి మించకూడదు. ఇదే కోవకు చెందిన మరో మందు టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు, దాని ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. సమయం చూసుకుని గోళీ మింగడం వల్లనే ఒత్తిడికి గురయ్యేవారికి రోజూ వేసుకునే 5 మిల్లీగ్రాముల టడలాఫిల్ బాగుంటుంది, ప్రోస్టేటు ఇబ్బందికి కూడా అది పనికివస్తుంది. ఒక్కసారి వేసుకుని వదిలేయకుండా, సరైన మోతాదులో ఆరేడు సార్లు ప్రయత్నించాకే పనిచేయలేదని తేల్చాలి. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట సాధారణం. కొందరికి కాసేపు చూపు నీలంగా కనిపిస్తుంది. టడలాఫిల్‌తో నడుము పట్టేయవచ్చు. ఉన్నట్టుండి ఒక కంటి చూపు గానీ వినికిడి గానీ పోయినా, స్తంభన నాలుగు గంటలకు మించి తగ్గకపోయినా మాత్రం సిగ్గుపడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే లోపలి కణజాలం శాశ్వతంగా దెబ్బతింటుంది. డపాక్సెటిన్ కలిపిన గోళీలు కూడా బజారులో ఎక్కువగానే ఉన్నాయి. అది శీఘ్రస్ఖలనానికి ఇచ్చే మందు, ఆ సమస్య లేనివారు దాన్ని మింగడం వృథా.

ఇంతకంటే ముఖ్యమైనది, నేను ఎవరినైనా అడగకుండా వదలని ప్రశ్న ఒకటుంది. "గుండెకు ఏమన్నా వాడుతున్నరా, నాలుక కింద పెట్టుకునే గోళీ ఉన్నదా?" సార్బిట్రేట్ వంటి నైట్రేటు మందులు కూడా నైట్రిక్ ఆక్సైడ్ ద్వారానే రక్తనాళాలను విప్పారుస్తాయి. వాటికి సిల్డెనాఫిల్ తోడైతే రెండూ కలిసి బీపీని ప్రాణం పోయేంతగా పడేయగలవు. నికొరాండిల్ కూడా ఇదే కోవలోది. ఈ మందులు వాడేవారు అంగస్తంభన గోళీ ముట్టుకోనేకూడదు, మోతాదు తగ్గించి వేసుకుంటామన్న బేరానికి ఇక్కడ చోటు లేదు. మన ఇళ్లలో మరో ప్రమాదం ఉంది. ఛాతీలో నొప్పి అనగానే పక్కింటివారో బావమరిదో జేబులోంచి సార్బిట్రేట్ తీసి నాలుక కింద పెట్టేయడం చాలాచోట్ల అలవాటు. ఆ మనిషి ముందురోజు సిల్డెనాఫిల్ వేసుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పడానికి అతడికి సిగ్గు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు నైట్రేటు ఇవ్వకూడదు. అందుకే గోళీ వాడే ప్రతి మగవాడూ ఆ సంగతి భార్యకు చెప్పి ఉంచాలి, 108 వాహనంలోనూ ఆసుపత్రిలోనూ మొదట చెప్పవలసిన మాట ఇదేనని ఆమెకు తెలిసి ఉండాలి. ఇద్దరి మధ్య ఈ విషయం రహస్యంగా ఉండకూడదనడానికి నాకు కనిపించే అతి బలమైన కారణం ఇదే.

ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వంటి మందు వాడేవారికి బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది కనుక తక్కువ మోతాదుతో, డాక్టరు చెప్పినట్టు మొదలుపెట్టాలి. తామరకు ఇట్రాకొనజోల్ వాడుతున్నవారి ఒంట్లో సిల్డెనాఫిల్ కరిగి పోకుండా ఎక్కువసేపు నిలిచిపోతుంది. మన ఉక్కపోత జిల్లాల్లో తామర మందు వాడనివారిని వెతుక్కోవలసిన పరిస్థితి కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు. గుండె జబ్బు ఉన్నా నైట్రేట్లు వాడనివారు, ఆయాసం, ఛాతీనొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు చకచకా ఎక్కగలిగితే సంభోగపు శ్రమను కూడా సాధారణంగా తట్టుకోగలరు. అయినా ముందు గుండె వైద్యుడి మాట తీసుకోవాలి.

గోళీలు పనిచేయనివారికి దారి మూసుకుపోలేదు. అంగంలోకి నేరుగా ఇచ్చే ఆల్‌ప్రోస్టడిల్ లేదా పాపవరిన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జైల్స్ బ్రిండ్లీ 1983లో లాస్ వెగాస్‌లో జరిగిన వైద్యుల సభలో అటువంటి ఇంజెక్షన్‌ను తనకే వేసుకుని ఫలితాన్ని వేదిక మీదనే చూపించారు. వింతగా తోచినా, ఈ జబ్బును మనసు నుంచి శరీరం వైపు తిప్పిన ఘట్టాల్లో అదొకటి. వాక్యూమ్ పంపుతో రక్తాన్ని లోపలికి లాగి మొదట్లో రింగు బిగించే సాధనం చవకైనదే, కాకపోతే ఆ రింగును అరగంటకు మించి ఉంచకూడదు. ఇవేవీ కుదరనివారికి, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి, ప్రోస్టేటు క్యాన్సర్ శస్త్రచికిత్సలో నరాలు దెబ్బతిన్నవారికి అంగంలో అమర్చే ఇంప్లాంట్ ఉంది. ద్రవంతో నిండే ఇంప్లాంటును అమెరికా వైద్యుడు బ్రాంట్లీ స్కాట్ బృందం 1973లో పరిచయం చేసింది. దాని ధర అందనివారి కోసం ముంబయి వైద్యులు రూపిన్ షా రూపొందించిన వంచగలిగే భారతీయ ఇంప్లాంటు ఉంది. ఒకసారి అమర్చాక సహజ స్తంభనకు తిరిగి వెళ్లడం సాధ్యం కాదు కనుక దీన్ని చివరనే ఆలోచిస్తారు. షాక్‌వేవ్ చికిత్స గురించీ, రక్తం తీసి ప్లేట్‌లెట్లు వేరుచేసి ఎక్కించే పీఆర్‌పీ గురించీ పెద్ద నగరాల క్లినిక్కులు చెప్పేది ఎక్కువ, రుజువైంది తక్కువ. అప్పుచేసి చేయించుకోవలసిన స్థితికి అవి ఇంకా రాలేదు.

ఖర్చు లేనివాటికి మాత్రం రుజువులు గట్టిగానే ఉన్నాయి. వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాల చొప్పున ఆయాసం వచ్చేలా నడక వంటి వ్యాయామాన్ని ఆరు నెలలు చేస్తే రక్తనాళాల వల్ల వచ్చిన లోపం తగ్గుతుందని అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. 2004లో ఇటలీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఊబకాయం ఉన్న మగవారు ఆహారం, వ్యాయామాలతో బరువు తగ్గించుకున్నప్పుడు రెండేళ్లలో సుమారు మూడోవంతు మందికి సామర్థ్యం తిరిగి మామూలు స్థాయికి వచ్చింది. మూత్రాన్ని మధ్యలో ఆపేటప్పుడు బిగించే కటి కండరాలను రోజూ బిగించి వదిలే వ్యాయామం కూడా చాలామందికి పనిచేస్తుంది. బీడీ, సిగరెట్, గుట్కా మానకుండా గోళీ మాత్రం కొంటామంటే, ఒక చేత్తో మూసినదాన్ని మరో చేత్తో తెరవమన్నట్టే ఉంటుంది. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగేవారు ఆ నిద్ర జబ్బుకు వైద్యం చేయించుకోవడం కూడా ఇందులో భాగమే.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలని అడిగేవారికి నేను చెప్పేది ఇది. షుగర్, బీపీ ఇప్పటికే ఉంటే ఆ జబ్బును చూసే డాక్టరుతోనే మొదలుపెట్టండి, లేకపోతే దగ్గర్లోని జనరల్ ఫిజీషియన్ చాలు. అవసరమైతే వారే యూరాలజిస్టు దగ్గరికో మానసిక వైద్యుడి దగ్గరికో పంపుతారు. జిల్లా ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూడా ఈ మాట చెప్పవచ్చు. గదిలో మరో నలుగురు ఉంటే, కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడిగే హక్కు మీకుంది. భార్యను తీసుకువెళితే సగం పని సులువవుతుంది, ఎందుకంటే అతడు తన మీద ఇష్టం పోయిందేమోనని ఆమె, తాను అసమర్థుడినని ఆమె అనుకుంటోందేమోనని అతడు ఒకే మంచం మీద వేర్వేరుగా బాధపడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వెళ్లేటప్పుడు ప్రస్తుతం మింగుతున్న ప్రతి గోళీనీ, ఎవరో ఇచ్చిన మూలికల పొడి పొట్లాన్ని, జేబులో ఉంచుకున్న సార్బిట్రేట్ స్ట్రిప్పును, ఇంతకుముందు చీటీ లేకుండా కొని వాడిన అంగస్తంభన గోళీ పేరును, ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉన్న దాని అట్టముక్కతో సహా వెంట తీసుకువెళ్లండి.